ఆ ముప్ఫై గుర్రాలు ఎక్కడున్నాయి?

2004లో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ మన రోడ్ల మీదికి వచ్చింది. దాని 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను శక్తి 150 పీఎస్, అంటే 150 గుర్రాల బలం. అదే పేరుతో యూరప్‌లో తిరిగే కారుకి మాత్రం 180. ఇంజను వంశం ఒకటే: 1,781 సీసీ, నాలుగు సిలిండర్లు, సిలిండరుకి ఐదేసి వాల్వులు. మరి ఆ ముప్ఫై గుర్రాలు ఎక్కడ ఆగిపోయాయి? కారు కొన్నవాళ్లని ఈ ప్రశ్న ఊరుకోనివ్వలేదు. ఇంజన్ని నడిపే కంప్యూటరు, ఈసీయూలో ప్రోగ్రాము మార్పించి, బూస్టు పెంచి, 190 దాకా తెచ్చుకున్న ఆర్‌ఎస్‌లు కొన్నాళ్లకే హైదరాబాదులోనూ బెంగళూరులోనూ కనిపించసాగాయి. వాటిలో కొన్ని లక్షన్నర కిలోమీటర్లు దాటి ఇంకా నడుస్తున్నాయి. కొన్ని ఏడాది తిరక్కుండానే షెడ్డుకెక్కి ఇంజను విప్పించుకున్నాయి.

రెండు రకాలనీ దగ్గర్నుంచి చూశాను. మొదటి రకం కారొకటి పన్నెండేళ్లకి పైగా నా చేతిలోనే ఉంది. బూస్టు పెంచొచ్చా అంటే పెంచొచ్చనే నా జవాబు. కంపెనీ మిగిల్చిన శక్తి ఎండకీ, నాసి పెట్రోలుకీ, ఇంజను ముసలితనానికీ అని పక్కన పెట్టిన నిల్వ. అందులోంచి కొంత తీసుకుని వాడుకోవచ్చు. ఇంకెంత మిగిలి ఉందో చూసుకునే ఏర్పాటు లేకుండా మాత్రం దాని మీద చెయ్యి వెయ్యకూడదు.

టర్బో పని చెప్పడానికి పెద్ద పాఠం అక్కర్లేదు. సైలెన్సరు వైపు పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని ఇంజన్లోకి కుక్కుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది. గాలి ఎక్కువ దూరితే పెట్రోలు ఎక్కువ కాల్చొచ్చు, అంతే. బయటి ఒత్తిడి మీద అదనంగా ఎంత తోసిందో అదే బూస్టు. సముద్రమట్టం దగ్గర బయటి ఒత్తిడి దాదాపు ఒక బార్ కాబట్టి గేజ్ 0.7 చూపిస్తుంటే ఇంజన్లోకి పోయేది మొత్తం 1.7 బార్. అది మితిమీరకుండా కాసేది వేస్ట్‌గేట్. పొగలో కొంత భాగాన్ని టర్బో చక్రం మీదికి పోనివ్వకుండా పక్కదారి పట్టించే చిన్న తలుపు అది. ఒక డబ్బాలోని స్ప్రింగు, ఈసీయూ ఆడించే ఒక సోలెనాయిడ్ వాల్వు కలిసి ఆ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలో నిర్ణయిస్తాయి. ఏ పద్ధతిలో బూస్టు పెంచినా చివరికి జరిగేది ఆ తలుపుని ఆలస్యంగా తెరిపించడమే. ఒక రబ్బరు గొట్టం కోసి మధ్యలో చిన్న ట్యాప్ పెట్టినా పని అయిపోతుంది. ఇంత చవగ్గా, ఇంత తేలిగ్గా అయిపోవడం వల్లే ఇంతమంది ఇంజన్లు పోగొట్టుకున్నారు.

గేజ్ మీద కనిపించేది ఒత్తిడి. ఇంజనుకి కావలసింది గాలి బరువు. ఈ రెంటి మధ్యలో వేడి కూర్చుని ఉంది. సైకిలుకి పంపు కొట్టినవాళ్లందరికీ పంపు అడుగుభాగం చెయ్యి చురుక్కుమనిపించడం గుర్తుండే ఉంటుంది. టర్బోలోనూ అంతే. మే నెలలో విజయవాడలో 40 డిగ్రీల గాలి పీల్చే కారుకి లెక్క వేసి చూద్దాం. కంప్రెసరు సామర్థ్యం 70 శాతం అనుకుంటే, 0.7 బార్ దగ్గర టర్బోలోంచి బయటికొచ్చే గాలి 113 డిగ్రీలుంటుంది. బూస్టు 1.0 బార్‌కి పెంచితే 138. చిన్న టర్బోని దాని తాహతుకి మించి తిప్పితే సామర్థ్యం 60 శాతానికి పడిపోవచ్చు, అప్పుడు అదే 1.0 బార్ దగ్గర 154.

ఈ వేడిని దించడానికే ఇంటర్‌కూలర్ ఉంది. అది చక్కగా పనిచేసి, టర్బో ఎక్కించిన వేడిలో 70 శాతం లాగేస్తే 0.7 బార్ గాలి 62 డిగ్రీలకి, 1.0 బార్ గాలి 69 డిగ్రీలకి దిగుతాయి. ఒత్తిడి 18 శాతం పెరిగింది, గాలి బరువు 15 శాతం పెరిగింది. ఫరవాలేదు. ఇప్పుడు అదే కారు బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కుని బయటపడిందనుకోండి. ఆక్టేవియాలో కంపెనీ ఇచ్చిన ఇంటర్‌కూలర్ చిన్నది. ముందు చక్రం దగ్గర బంపరు మూలలో దాక్కుని ఉంటుంది, గాలి సరిగా తగలదు. అది బాగా వేడెక్కి 40 శాతమే లాగగలిగితే ఇంజన్లోకి పోయే గాలి 99 డిగ్రీలు. గేజ్ ఇంకా 1.0 అనే చూపిస్తుంది. చల్లటి ఇంటర్‌కూలర్‌తో 0.7 బార్ దగ్గర వచ్చిన గాలితో పోలిస్తే బరువు పెరిగింది కేవలం ఆరు శాతం. ఆ ఆరు శాతం కోసం ఇంజను దాదాపు నీళ్లు మరిగేంత వేడిగాలిని మింగాలి. గేజ్ చూసి బూస్టు పెట్టుకునేవాళ్లకి ఈ సంగతి తెలిసే దారే లేదు. అందుకే ఎవరైనా నన్నడిగితే, ముందు పెద్ద ఇంటర్‌కూలర్ వేయించు, బూస్టు సంగతి తర్వాత చూద్దాం అంటాను.

ఎత్తు సంగతి కూడా ఇక్కడే. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, బయటి ఒత్తిడి దాదాపు 0.91 బార్. ఇంజను లోపల అదే మొత్తం ఒత్తిడి రావాలంటే టర్బో అక్కడ ఇంకా గట్టిగా తిరగాలి. విశాఖ బీచ్ రోడ్డులో సరిపోయిన సెట్టింగు మదనపల్లె దాటి పైకెక్కేసరికి టర్బోకి భారమవుతుంది.

ఆ వేడి నాకింగ్ తెస్తుంది. స్పార్కుతో అంటుకున్న మంట ప్లగ్గు దగ్గర మొదలై సిలిండరు అంచులదాకా నిదానంగా పాకాలి. మంట ఇంకా చేరని అంచుల్లో మిగిలిన గాలి, పెట్రోలు మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక తనంతట తనే భళ్లున పేలితే అది నాకింగ్. ఆ పేలుడు అలలు సిలిండరు గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటాయి. 81 మిల్లీమీటర్ల బోరున్న ఈ ఇంజన్లో సెకనుకి సుమారు 6,900 సార్లు. మనిషి చెవికి రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపిస్తుంది. అద్దాలెత్తి ఏసీ వేసుకుని పాటలు పెట్టుకుంటే అదీ వినపడదు. బ్లాకుకి బిగించిన నాక్ సెన్సరుకి వినపడుతుంది. అది ఈసీయూకి చెబితే ఈసీయూ ఆ సిలిండరులో స్పార్కుని కొన్ని డిగ్రీలు వెనక్కి లాగుతుంది.

అలా లాగి లాగి ఇక లాగలేని స్థితి వస్తే ఏమవుతుందో విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చూశాను. బూస్టు పెంచిన ఏడు నెలలకి మూడో సిలిండరులో కంప్రెషన్ పోయిన ఇంజను అది. మేస్త్రి పిస్టన్ని డీజిల్లో కడిగి, గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. నడిమధ్య బాగానే ఉంది. అంచు వెంబడి మాత్రం సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు. పక్కకి తిప్పి చూస్తే మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్యనుండే గట్టు బొటనవేలి గోరంత మేర ఊడిపోయి ఉంది. "రింగు విరగలేదండి, రింగు కూర్చునే గట్టే ఎగిరిపోయింది" అన్నాడు. తర్వాత అదే సిలిండరు ప్లగ్గు వెలుతురుకి పెట్టి చూపించాడు. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, వాటి మధ్య అక్కడక్కడా వెండిలా మెరిసే చుక్కలు. ఆ మెరుపు పిస్టన్లోంచి కరిగి అంటుకున్న అల్యూమినియం. ఇంజను విప్పకముందే, వారం ముందు ఆ ప్లగ్గు ఒక్కటి తీసి చూసి ఉంటే పిస్టను బతికేదేమో. ఆ కారులో పెంచిన బూస్టు ఏమంత ఎక్కువ కాదు, 0.3 బార్. ఇంటర్‌కూలర్ పాతదే, ప్లగ్గులు పాతవే, పోయించింది మామూలు పెట్రోలు. ఈసీయూ టైమింగు ఎంత వెనక్కి లాగుతోందో ఎవ్వరూ ఒక్కసారి కూడా చూడలేదు.

టర్బో పెట్రోలు కార్ల చరిత్ర మొత్తం ఈ నాకింగ్‌తో పెనుగులాటే. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ 10.25 కంప్రెషన్ నిష్పత్తి ఉన్న వీ8 ఇంజను మీద టర్బో పెట్టింది. నాకింగ్ రాకుండా డిస్టిల్డ్ వాటరు, మిథనాలు కలిపిన ద్రవాన్ని ఇంజన్లోకి చిమ్మే ఏర్పాటు చేసింది. ద్రవం అయిపోతే బూస్టు తగ్గించే వాల్వు కూడా ఉంది. పకడ్బందీ ఏర్పాటే, కానీ ఆ ట్యాంకు నింపడం జనం మరిచిపోయేవాళ్లు. రెండు మోడల్ సంవత్సరాలకే కారు ఆగిపోయింది. 1973లో వచ్చిన బీఎండబ్ల్యూ 2002 టర్బో కంప్రెషన్ని 6.9కి దించి గండం గట్టెక్కింది, బదులుగా బూస్టు అందుకునేదాకా కారులో పికప్ ఉండేది కాదు. అసలు దారి చూపించింది స్వీడన్ కంపెనీ సాబ్. 1982 మోడల్ నుంచి తమ 900 టర్బోకి ఏపీసీ అనే ఏర్పాటు తెచ్చింది. బ్లాకుకి నాక్ సెన్సరు బిగించి, నాకింగ్ వినపడగానే బూస్టుని దించేసే పద్ధతి. మంచి పెట్రోలు పోస్తే ఎక్కువ బూస్టు, నాసి పెట్రోలు పోస్తే తక్కువ. ఇంత బూస్టు అని ఎవరో ముందే రాసిపెట్టరు, ఆ పూట ఇంజను ఎంత ఒప్పుకుంటే అంత. ఈ మొత్తం వ్యవహారంలో మనుషులకి తట్టిన ఆలోచనల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కంపెనీ కారుకి బూస్టు పెంచే ప్రతి పద్ధతినీ నేను ఈ గీటురాయి మీదే గీసి చూస్తాను. అది ఇంజను చెవిని తెరిచి ఉంచుతోందా, మూసేస్తోందా?

గొట్టంలో పెట్టే ట్యాపు, స్ప్రింగు వాల్వు చెవిని పూర్తిగా పక్కన పెట్టేస్తాయి. ఈసీయూకి బూస్టు మీద అధికారం లేని పాత కార్లకి వేరే దారి లేక వాటిని వాడారు, కొన్నిట్లో బాగానే పనిచేశాయి. బూస్టుని ఈసీయూ నడిపే కార్లలో అది వట్టి గొడవ. ఆర్‌ఎస్‌లో ఉన్న బోష్ ఈసీయూ తను అడిగింది 0.6, వచ్చింది 0.9 అని చూడగానే పీ0234 అనే ఓవర్‌బూస్ట్ కోడ్ పడేసి శక్తి తగ్గించేస్తుంది. వేస్ట్‌గేట్ కడ్డీ బిగించి స్ప్రింగుకి పట్టు పెంచడం కూడా అంతే, కనిష్ఠ బూస్టే పెరిగిపోతుంది కాబట్టి ప్రమాదం వచ్చినప్పుడు ఈసీయూ దించాలన్నా దించలేదు.

ఆ తర్వాతవి ట్యూనింగ్ బాక్సులు. సెన్సరుకీ ఈసీయూకీ మధ్య వైర్లలో కలిపితే చాలు, గంటలో పని అయిపోతుంది, సర్వీసుకి వెళ్లేముందు పీకేయొచ్చు. అవి చేసేది బూస్టు సెన్సరు మాటని తగ్గించి చెప్పడం. నిజంగా 1.0 బార్ ఉంటే 0.8 అని ఈసీయూకి చేరుతుంది. అది నమ్మి ఈసీయూ ఇంకాస్త బూస్టు అడుగుతుంది. నాక్ సెన్సరు పనిచేస్తూనే ఉంటుంది, ఆ మాట నిజమే. కానీ టైమింగు, పెట్రోలు లెక్కలు వేసే పట్టికల్లో ఈసీయూ తప్పు గడిలోకి చూస్తూ ఉంటుంది. రోజూ అబద్ధం వింటూ సరైన నిర్ణయం తీసుకోమంటే ఎవరి వల్ల అవుతుంది? ఈ బాక్సులతో ఏళ్ల తరబడి తిరుగుతున్న కార్లు ఉన్నాయని తెలుసు. అయినా నా కారుకి పెట్టను.

మిగిలింది రీమ్యాప్. ఈసీయూ లోపలి ప్రోగ్రాములోనే ఎంత గాలి అడగాలి, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగేటప్పుడు ఎంత స్పార్కు టైమింగు, ఎంత చిక్కటి మిశ్రమం, ఎక్కడ ఆపాలి అన్నవన్నీ కలిపి మార్చడం. ఈసీయూ చూపు, వినికిడి రెండూ అలాగే ఉంటాయి. పద్ధతిగా ఇదే సరైనది. కానీ రీమ్యాప్ అంటే రాసినవాడి బుద్ధి. 2012లో నా కారుకి మొదటిసారి వేయించినప్పుడు ట్యూనరు ఒక ఫైలు ఎక్కించి పంపేశారు. కారు గాల్లో తేలినట్టు పోయింది, నేను సంబరపడ్డాను. ఏప్రిల్ వచ్చాక ఈసీయూ అంకెల రికార్డు, అంటే లాగ్ తీస్తే నాలుగు సిలిండర్లలోనూ టైమింగు తొమ్మిది డిగ్రీల దాకా వెనక్కి పోతోంది. ఆరా తీస్తే అది 98 ఆక్టేన్ పెట్రోలు కోసం రాసిన ఫైలు. ఇక్కడి పెట్రోలుకి తగ్గ ఫైలు అడిగి మళ్లీ వేయించుకునేసరికి చూపించిన శక్తిలో పది పీఎస్ తగ్గింది. ఆ తగ్గినదానికి నాకు ఏ బాధా లేదు.

ఇక పెట్రోలు. మొదటి పేరాలో అడిగిన ప్రశ్నకి జవాబులో చాలా భాగం బంకు దగ్గరే ఉందని నా అభిప్రాయం. 2004లో మన మామూలు పెట్రోలు ఆక్టేన్ సంఖ్య 88. యూరప్‌లో 180 పీఎస్ రకానికి 98 పోయమనేవాళ్లు. ఆక్టేన్ అంటే తనంతట తను పేలకుండా ఓర్చుకునే శక్తి. పది అంకెల తేడా చిన్నది కాదు. తర్వాత మామూలు పెట్రోలు 91కి వచ్చింది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇరవై శాతం ఇథనాలు పెట్రోలు 95 అని ప్రభుత్వం చెబుతోంది. 2020 డిసెంబరు నుంచి ఇండియన్ ఆయిల్ కొన్ని నగరాల్లో 100 ఆక్టేన్ పెట్రోలు కూడా అమ్ముతోంది. అయితే ఆ ఖరీదైన పెట్రోలుని నమ్ముకుని ఫైలు రాయించుకుంటే శ్రీశైలం ఘాట్‌లోనో, అరకు దారిలోనో ఏం పోయిస్తారు? దారిలో దొరికే పెట్రోలుకి బూస్టు పెట్టుకోవాలి. మంచిది దొరికిన రోజు అది అదనపు భద్రత అనుకోవాలి.

ఇథనాలు పెట్రోలులో ఇంకో మెలిక ఉంది. ఇథనాలుకి నాకింగ్‌ని ఓర్చుకునే గుణం, ఆవిరవుతూ గాలిని చల్లబరిచే గుణం రెండూ ఎక్కువే. బూస్టుకి అది వరమే. కానీ ఒక కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి సరిపోయేచోట, ఇరవై శాతం ఇథనాలు కలిస్తే 13.5 కిలోలకే ఒక కిలో ఇంధనం కావాలి. అంటే బూస్టు ముట్టుకోకముందే ఇంజెక్టర్లు ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ చిమ్మాల్సి వస్తోంది. పూర్తి బూస్టులో ఇంజన్ని చల్లగా ఉంచడానికి మిశ్రమం ఇంకా చిక్కగా, మామూలు పెట్రోలు లెక్కలో 11.5, 12 దగ్గర ఉండాలి. ఇంజెక్టరు తెరిచి ఉండే సమయం 85 శాతం దాటితే దాని దగ్గర ఇక ఇవ్వడానికేమీ లేనట్టే లెక్క. పంపు సంగతీ చూడాలి. ఇలాంటి ఇంజన్లలో పెట్రోలు ఒత్తిడి బూస్టుతో పాటే పెరగాలి, ఒత్తిడి పెరిగేకొద్దీ పంపు ఇచ్చే పరిమాణం తగ్గుతుంది. ఇరవై ఏళ్ల నాటి పంపు మీద 0.4 బార్ అదనపు బరువు పెట్టి, పై చుట్లలో మిశ్రమం పలచబడుతోందో లేదో చూడకుండా వదిలేస్తే ఆటోనగర్‌లో నేను చూసిన పిస్టనే మళ్లీ తయారవుతుంది.

కొలవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఓబీడీ కేబులు, ల్యాప్‌టాపు చాలు. ఆర్‌ఎస్‌లో 115వ డేటా బ్లాకులో ఈసీయూ అడిగిన బూస్టు, వచ్చిన బూస్టు పక్కపక్కన కనిపిస్తాయి. 020లో నాలుగు సిలిండర్లలో ఒక్కోదానికి టైమింగు ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగిందో ఉంటుంది. 032లో మిశ్రమం సరిచూసుకోవడానికి ఈసీయూ ఎంత దిద్దుకుంటోందో తెలుస్తుంది. బూస్టు ముట్టుకోకముందే, కంపెనీ సెట్టింగులోనే ఒక లాగ్ తీసి దాచుకోవాలి. సగం మంది కార్లలో అసలు జబ్బు అప్పుడే బయటపడుతుంది. అడిగిన బూస్టు రావడం లేదంటే ఎక్కడో గొట్టం చిట్లింది, లేదా డైవర్టర్ వాల్వు పొర చినిగింది. బయటికి కారిపోయే గాలిని భర్తీ చెయ్యడానికి టర్బో నిమిషానికి లక్షన్నర చుట్లు దాటి, అనవసరంగా ఇంకా జోరుగా తిరుగుతుంది. అలాంటి కారుకి బూస్టు పెంచడం చిల్లు కుండలో నీళ్లు పోయడం లాంటిది. ముందు పొగ పెట్టి గొట్టాలన్నీ పరీక్షించాలి. ప్లగ్గులు కొత్తవి వేసి గ్యాపు 0.7 మిల్లీమీటర్లకి తగ్గించాలి, ఎందుకంటే ఒత్తిడి పెరిగేకొద్దీ స్పార్కు ఆ సందు దాటడం కష్టమవుతుంది. ఈ ఇంజన్లకి స్పార్కు కాయిల్స్ పోయే అలవాటు ఉంది కాబట్టి వాటినీ చూసుకోవాలి.

ఆ తర్వాత కొంచెం కొంచెంగా పెంచుతూ, పెంచినప్పుడల్లా లాగ్. ఇంజను శక్తి కొలిచే డైనో అందుబాటులో ఉంటే అక్కడే, లేదంటే తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద స్పీడు పరిమితి లోపల మూడో గేరులో 2,000 నుంచి 4,500 చుట్ల దాకా. పక్కన ఇంకొకరు కూర్చుని ల్యాప్‌టాపు చూడాలి, నడిపేవాళ్లు రోడ్డే చూడాలి. ఒకటి రెండు సిలిండర్లలో మూడు డిగ్రీలు తళుక్కుమని పోతే కంగారు పడక్కర్లేదు. నాలుగింట్లోనూ ఆరు డిగ్రీలు దాటి అక్కడే నిలబడిపోతుంటే ఇంజను వద్దంటోందని అర్థం, ఒక మెట్టు దిగాలి. ఈ పరీక్ష డిసెంబరులో చేసి సరిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. మే నెల మధ్యాహ్నం తీసిన లాగే లెక్కలోకి వస్తుంది.

ఎంత దాకా వెళ్లొచ్చన్నదానికి కంపెనీయే ఒక గీత గీసి చూపించింది. ఇదే 1.8 టర్బో ఇంజన్ని ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు 150, 163, 180 పీఎస్‌లలో అమ్మింది, ఆడీ టీటీలో 225 కూడా ఇచ్చింది. 225కి వెళ్లినప్పుడు మాత్రం ఈసీయూ లెక్కలతో సరిపెట్టలేదు. పెద్ద టర్బో, పెద్ద ఇంజెక్టర్లు, రెండు ఇంటర్‌కూలర్లు పెట్టి, కంప్రెషన్ కాస్త దించింది. అంటే 180 దాటి 190, 200 దగ్గరికి వచ్చేసరికి చిన్న టర్బో ఊపిరి అయిపోతోందన్నమాట. పై చుట్లలో అది గాలికన్నా వేడినే ఎక్కువ ఇస్తుంది. మంచి రీమ్యాపు మధ్య చుట్లలో 1.0 బార్ దాకా ఇచ్చి, 5,500 దాటేసరికి 0.7కి దించేస్తుంది. ఆ దించడాన్ని చూసి రెడ్‌లైన్ దాకా నిలబెట్టమని పట్టుబట్టే యజమానులు ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి. తక్కువ చుట్లలో ఒక్కసారిగా టార్క్ గుమ్మరించడం ఇంకో తప్పు. ఈ ఇంజను కనెక్టింగ్ రాడ్లు సన్నవి, 2,500 చుట్ల దగ్గర పడే దెబ్బకే అవి వంగొచ్చు. అంతకన్నా ముందే పాత క్లచ్ జారడం మొదలవుతుంది. నాలుగో గేరులో చుట్లు పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ తన మాట చెప్పేసినట్టే.

ఇప్పటి కార్లకి వస్తే నిల్వ ఇంకా తగ్గిపోయింది. ఒక లీటరు, ఒకటిన్నర లీటర్ల డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లని కంపెనీలే అంచు దాకా తెచ్చి అమ్ముతున్నాయి. వీటిలో తక్కువ చుట్లలో ఎక్కువ బూస్టు ఉన్నప్పుడు స్పార్కు పడకముందే మిశ్రమం అంటుకునే జబ్బు ఒకటుంది. నాక్ సెన్సరు విని టైమింగు లాగేలోపే ఒక్క దెబ్బకి పిస్టను విరగొచ్చు. నూనెలోని కాల్షియం డిటర్జెంట్లకి దీంతో సంబంధం ఉందని తేలాకే 2018లో ఏపీఐ ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ప్రమాణాలు వచ్చాయి. ఇలాంటి కారున్నవాళ్లు బూస్టు పెంచినా పెంచకపోయినా ఎస్‌పీ నూనే పోయించాలి. గేరుబాక్సు సంగతీ అంతే. ఫోక్స్‌వ్యాగన్ టైగన్, వర్టస్ 1.5 టీఎస్ఐలకి వచ్చే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్జీ భరించగలిగేది 250 న్యూటన్ మీటర్లు. ఆ ఇంజను కంపెనీ నుంచే 250 ఇస్తోంది. అక్కడ పెంచడానికి చోటు లేదు. డీజిల్ కార్లలో ఈ నాకింగ్ బెడద లేదు కాబట్టి బూస్టు పెంచడం తేలికనిపిస్తుంది, కానీ నల్లపొగ, పొగ వేడి, డ్యూయల్ మాస్ ఫ్లైవీలు అక్కడ బిల్లు వేస్తాయి.

చట్టం గురించి చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తికాదు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకి భిన్నంగా వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ అనుమతిలేని మార్పుకి ఆరు నెలల దాకా జైలు, ఒక్కో మార్పుకి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పెట్టింది. బీమా కంపెనీకి చెప్పని మార్పు క్లెయిము నాడు ఎదురొస్తుంది. వారంటీలో ఉన్న కారైతే ఫైలు మార్చిన సంగతి డీలరు కంప్యూటరుకి తెలిసిపోతుంది. ట్రాక్ మీద నడిపే కారు వేరు. రోజూ పిల్లల్ని బడికి దింపే కారుకి ఈ పని చేయించేముందు ఇంట్లోవాళ్లకి ఇదంతా చెప్పి చేయించాలి. బ్రేకులు, టైర్లు కూడా ఆ ఖర్చులో భాగంగానే లెక్క వేసుకోవాలి.

నా ఆర్‌ఎస్ ఇప్పుడు ముందు పెద్ద ఇంటర్‌కూలర్‌తో, 0.9 బార్ దగ్గర స్థిరపడింది. పై చుట్లలో 0.65కి దిగుతుంది. పోయిన మే నెలలో హైదరాబాదు నుంచి విజయవాడ వస్తున్నాను. సూర్యాపేట దాటాక మధ్యాహ్నం రెండు గంటలకి వరసగా ఆరు లారీలని దాటాల్సి వచ్చింది. పక్కన మా అబ్బాయి ల్యాప్‌టాపు ఒళ్లో పెట్టుకుని చదువుతున్నాడు. "గాలి అరవై నాలుగు... మూడో సిలిండరు నాలుగున్నర... ఇప్పుడు బూస్టు తనే తగ్గించుకుంటోంది నాన్నా." కాలు తీసేశాను. నందిగామలో చెట్టు నీడన ఆపి, బోనెట్ ఎత్తి, టీ తాగాం. మళ్లీ డిసెంబరులో, అదే రోడ్డు మీద పొద్దున్న ఏడింటికి తీసిన లాగ్‌లో నాలుగు గళ్లలోనూ సున్నాలే.